పదకొండో పేజీలో పెన్సిలు రాత

నేత నంబరు 214. పుస్తకం: లాకు బంగళా హత్య.
దిన నమోదు. రాస్తున్నది జసింత, తుడుపు విభాగం, మెరక నాలుగు.

జూన్ 9

పొద్దున పదకొండో పేజీలో ఒక చీమ కనిపించింది. ఎప్పుడో ఎవరో పుస్తకం మూసినప్పుడు అక్కడే నలిగి, అచ్చక్షరంలా అతుక్కుపోయింది. కాళ్ళు ఆరూ ఉన్నాయి. సూదితో మెల్లగా లేపి పక్కన పెట్టాను. వందేళ్ళ నాటి చీమ అయి ఉంటుంది.

ఇవాళంతా తుడుపు పనే. నిన్నటి రొట్టె మెత్తగా పిసికి, ఆ ముద్దతో పేజీల మీద పాఠకుల రాతలు చెరపాలి. ఇది అద్దె లైబ్రరీ పుస్తకం. ఆ రోజుల్లో ఒక్క పుస్తకం ఊరంతా తిరిగేది. తిరిగిన ప్రతి ఇంట్లో ఎవరో ఒకరు ఏదో ఒకటి రాశారు. ఇరవై రెండో పేజీలో ముగ్గుకి చుక్కలు పెట్టి చూసుకున్నారు. అరవై రెండులో "ఈ డిటెక్టివ్‌కి ఆకలి వేయదా" అని ఉంది. అన్నీ తుడిచాను.

తుడిచిన పేజీలు మగ్గానికి ఒక్కొక్కటే అందిస్తాం. అది చదివి తెర మీద ఆడే బొమ్మలుగా నేస్తుంది. ఆ తరువాత కాగితం తొట్టెలో నానుతుంది, వచ్చే ఏడాది పిల్లల నోటుపుస్తకాలవుతుంది. ఇక ఆ నవల అంటే మా నేతే. అందుకే నేతశాల నడిపే దామోదరం మాస్టారు దాని గోడ మీద సొంత చేత్తో రెండు వాక్యాలు రాశారు. పుస్తకంలో లేనిది తెర మీద ఉండకూడదు. పుస్తకంలో ఉన్నది తెర మీద లేకుండా పోకూడదు.

ఈ పుస్తకానికి ఆఖరి పదహారు పేజీలు లేవు. కాలవ లాకుల సూపరింటెండెంటు రంగశాయి తన బంగళాలో పాలు తాగి చనిపోతాడు. మేనల్లుడు, కాంపౌండరు, లాకు కాపలాదారు, వంటావిడ, నలుగురి మీదా అనుమానం. డిటెక్టివ్ వరాహమూర్తి అందరినీ హాల్లోకి పిలిచి, కుర్చీల్లో కూర్చోమంటాడు. అక్కడితో పుస్తకం అయిపోయింది. ఇలాంటి వాటికి మా పద్ధతి ఒకటుంది. ఉన్నంతవరకు చూపించి, తెర తెల్లగా వదిలి, పక్కన దీపం వెలిగిస్తాం. ఆ పుస్తకం చదివినవాళ్ళు ఎవరైనా ఉంటే లేచి మిగతాది చెప్పొచ్చు. వాళ్ళు చెప్పింది, చెప్పిన మనిషితో సహా, మగ్గం ఆఖర్న కలుపుతుంది. పదేళ్ళలో ఇద్దరే లేచారు.

చీమ ఉన్న పేజీలో, అంచు మీద, గుండ్రటి దస్తూరితో పెన్సిలు రాత ఉంది: "హంతకురాలు వంటావిడే. ఇక చదవక్కర్లేదు." అద్దె లైబ్రరీల్లో ఇది మామూలేనని పనిలో చేరిన కొత్తలో మాస్టారు చెప్పారు. ముందు చదివినవాళ్ళు తరువాత చదివేవాళ్ళని ఉడికించడానికి రాసేవారట. కొందరు నిజమే రాసేవారు, కొందరు నోటికొచ్చిన పేరు రాసి నవ్వుకునేవారు.

ఆ ఒక్కటీ తుడవలేదు. కాగితం అక్కడ పలచగా ఉంది.

జూన్ 14

ముఖాలు తీసుకునే రోజు. సముద్రం మిగిల్చిన ఈ మెరకల్లో నటులు లేరు. మే నెలలో ఇళ్ళ వరసలవారీగా చీటీలు తీస్తారు. కొన్నిటి మీద పాత్ర పేరు ఉంటుంది, మిగతావి ఖాళీ. పాత్ర వచ్చినవాళ్ళు జూన్‌లో వచ్చి అద్దం ముందు గంటసేపు కూర్చుంటారు. మగ్గం వాళ్ళ ముఖం అరువు తీసుకుంటుంది. ఇంటికి వెళ్ళేటప్పుడు ఒక బెల్లం అచ్చు ఇస్తాం.

వంటావిడ పాత్రకి లూర్దమ్మ గారు వచ్చారు. గంజిశాల నడిపేది ఆవిడే. పొద్దున మూడువందల పన్నెండుమందికి గంజి, సాయంత్రం నూటనలభైమంది పిల్లలకీ బాలింతలకీ మేకపాలు. సముద్రం తీసుకున్న ఊళ్ళలో ఒకదాన్నుంచి వచ్చారు. ఆవిడతో వచ్చినవాళ్ళు ఎవరూ లేరు. కాన్వెంటు హాస్టల్లో ఉన్న పదకొండేళ్ళూ నేను ఆవిడ గంజే తాగాను.

నవ్వాలి, కోపపడాలి, భయపడాలి అని చెప్పాను. నవ్వు సులభంగానే వచ్చింది. కోపానికి గంజిశాలలో గరిటె పోయిన రోజు తలుచుకున్నారు. భయం దగ్గర ఆగిపోయారు.

"భయం ఒకటి రాదు పాపా. సముద్రం వచ్చిన రోజే అదంతా అయిపోనాది."

పర్వాలేదు, మగ్గం సర్దుకుంటుందన్నాను. లేచి బెల్లం అచ్చు కొంగున కట్టుకుంటూ, ఆవిడ నా ముఖం కేసి చూశారు.

"నువ్వేటి అలాగున్నావు? నా ముఖానికేటి, ఎక్కడెట్టినా అరిగిపోదు."

జూన్ 23

పరీక్ష చూపు. ప్రదర్శనకి ముందు పదిహేనుమంది చూసి పేర్లు, తేదీలు, వరసలు సరిపోయాయో లేదో చెబుతారు.

కాలవ బాగా వచ్చింది. లాకు తలుపులు తెరుచుకునే శబ్దానికి ఇద్దరు ముసలివాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. వాళ్ళు అలాంటి కాలవల పక్కన పుట్టినవాళ్ళు. రంగశాయి పాత్రకి ముఖమిచ్చిన బడి గుమాస్తా తన చావు తను చూసుకుని దగ్గాడు.

వంటావిడ వచ్చినప్పుడల్లా తెర కొంచెం మసకబారింది. ఆమె మాట్లాడుతున్నా ముఖం కాక చేతులు కనిపించాయి. చేతుల మీదే చాలాసేపు ఆగింది. పాలు కాచేటప్పుడు ఆమె వీపు మాత్రమే కనిపించింది. గిన్నె తోముతున్న చప్పుడు అవసరమైనదానికన్నా ఎక్కువసేపు వినిపించింది. మర్నాడు శవం చుట్టూ అందరూ చేరినప్పుడు, ఆమె వంటింట్లో చాప మీద కళ్ళు మూసుకుని పడుకుని ఉంది. రెప్పల కింద కళ్ళు కదులుతున్నాయి.

నా పట్టికలో పేర్లూ తేదీలూ అన్నీ సరిపోయాయి. సంతకం చేశాను.

మెట్లు దిగుతుంటే నా ముందు నడుస్తున్న ఒకావిడ పక్కావిడతో మెల్లగా అంది, లూర్దమ్మ చేతులు అంత పెద్దవని ఇన్నాళ్ళూ చూడనేలేదని.

జూన్ 26

సాయంత్రం పాల వరసలో తొమ్మిది కప్పులు నిండుగా తిరిగి వచ్చాయి.

ఎండ వల్ల పాలు విరిగాయేమో అని లూర్దమ్మ గారు రుచి చూశారు. విరగలేదు. ఆరేళ్ళ పాప ఒకతి కప్పు తీసుకుని, మెట్ల పక్కకి వెళ్ళి, గోడవారనున్న తులసి మొక్కకి పోసింది. కప్పు బోర్లించి దులిపి, ఇంకా వరసలో ఉన్నవాళ్ళ కేసి చూసింది.

జూన్ 29

యాభై రెండు కప్పులు.

ఎవరూ ఏమీ అనటం లేదు. మధ్యాహ్నం మెరక పెద్ద సుభద్ర గారు నేతశాలకి వచ్చి మాస్టారితో మాట్లాడారు. నేను బల్ల దగ్గరే ఉన్నాను కాబట్టి విన్నాను. పిల్లలు పాలు తాగడం లేదు, బాలింతలు ఇద్దరు గంజి కూడా మానేశారు, కారణం ఏదైనా పిల్లలు పస్తుండటానికి వీల్లేదు అన్నారు. గొంతు పెంచలేదు. ఐదో తారీకు ప్రదర్శన అయ్యాక, ఏడున గంజిశాల మూడో వరస ఇళ్ళవాళ్ళకి ఇస్తారట. లూర్దమ్మ గారిని మెరక తొమ్మిదికి పంపి, అక్కడ వలల పని చూడమంటారట.

"ఆవిడ ఏం చేసిందని?" అన్నారు మాస్టారు.

"ఏం చేయలేదు. నాకు తెలుసు. తాగమని పిల్లల్ని నేనెలా ఒప్పించను?"

మెరక తొమ్మిదిలో అప్పలనాయుడు గారు ఉన్నారు. ఆయన తాళాలు బాగుచేసేవారు. నేత 190లో దొంగకి ఆయన ముఖం వచ్చింది. ఆ తరువాత ఎవరూ ఆయన చేత తాళం బాగుచేయించుకోలేదు. అయితే ఆ పుస్తకంలో అతను నిజంగానే దొంగ. ఆఖరి పేజీ దాకా ఉంది. ఇక్కడ ఆఖరి పేజీ లేదు. తెర తెల్లబడ్డాక జనం ఎవరిని అనుకుంటే వాళ్ళే. అది సరిచేసే పేజీ ఇంకెక్కడా లేదు.

సాయంత్రం గంజిశాలకి వెళ్ళాను. లూర్దమ్మ గారు మిగిలిన పాలన్నీ తోడు పెడుతున్నారు. నాకొక కప్పు ఇచ్చారు. తాగాను. అది తప్ప ఏమీ చేయలేకపోయాను.

జులై 1

పొద్దున మగ్గం అడుగున ఉన్న ఆధారాల చీటీలు తీశాను. ప్రతి దృశ్యం ఏ పేజీ నుంచి నేసిందో మగ్గం వరసగా రాసి పెడుతుంది. నేత సరిగా ఉంటే ఎవరూ చదవరు. మూరల కొద్దీ ఉంటుంది.

కాలవ: పేజీ 3. లాకు తలుపులు: పేజీ 4. వంటావిడ చేతులు: పేజీ 29, పేజీ 11. వంటావిడ వీపు: పేజీ 37, పేజీ 11. గిన్నె చప్పుడు: పేజీ 37, పేజీ 11. చాప మీద నిద్ర: పేజీ 44, పేజీ 11.

పదకొండో పేజీలో అచ్చులో వంటావిడ లేనేలేదు. ఆ పేజీ అంతా రంగశాయి పడవ ఎక్కడం గురించి.

చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాను. మధ్యాహ్నం భోజనానికి వెళ్ళలేదు. ఎక్కడా తప్పు లేని పుస్తకం ఇచ్చి, ఒక్క వాక్యంతో మగ్గం చేత తప్పు చెప్పించాను.

జులై 2

మాస్టారు చీటీ రెండుసార్లు చదివారు. నా నమోదు పుస్తకం తెరిచి జూన్ 9 దగ్గర వేలు పెట్టారు.

"కాగితం పలచగా ఉందని రాశావు కదమ్మా."

"పలచగా లేదండి."

"మరి?"

ఆ దస్తూరి బాగుందని చెప్పాను. పుస్తకం మొత్తంలో నాతో ఎవరో మాట్లాడినట్టు అనిపించింది అక్కడేనని, అది చెరపబుద్ధి కాలేదని చెప్పాను. మగ్గం అచ్చు మాత్రమే చదువుతుందనుకున్నానని కూడా చెప్పాను.

"పేజీ మీద ఉన్నదంతా దానికి పుస్తకమే. ఎవరు రాశారో అది అడగదు."

కోప్పడలేదు. పేజీలు తుడిచినట్టు నా సంతకం కింద ఆయన సంతకం కూడా ఉంది. దాన్ని కాసేపు చూస్తూ కూర్చున్నారు.

మళ్ళీ నేయడం కుదరదు. వానలు మొదలయ్యాయి, మగ్గానికి సరిపడా ఎండ నవంబరు దాకా రాదు. ప్రదర్శన ఆపడమూ కుదరదు. మూడు మెరకల నుంచి పడవలు బయల్దేరాయి. నేత మధ్యలో ఒక ముక్క కోసి తీసే అధికారం ఆయనకి లేదు, నాకూ లేదు.

మిగిలింది తెల్లతెర ఒక్కటే. అక్కడ లేచి చెప్పొచ్చు. ఆయన్నే చెప్పమని అడిగాను.

"నేను చెబితే ఆఫీసు మాట అవుతుంది. సవరణ అని బోర్డు కట్టినట్టే. బోర్డు చదివి పాలు తాగినవాళ్ళని నేను చూడలేదు. తుడవనిది ఎవరో వాళ్ళే చెప్పాలి."

తొమ్మిదో తరగతిలో ఎలక్యూషన్ పోటీకి నా పేరు ఇచ్చారు. వేదిక ఎక్కి నమస్కారం పెట్టాను. ఆ తరువాత ఏమీ గుర్తు లేదు. సిస్టర్ బెర్నడెట్ నా చెయ్యి పట్టుకుని కిందికి దించిందని మిగతావాళ్ళు చెప్పారు. ఆ విషయం మాస్టారికి చెప్పాను.

"తెలుసమ్మా. నేనూ ఉన్నాను ఆ రోజు," అన్నారు.

జులై 3

ముందు లూర్దమ్మ గారికి చెప్పాలి. గంజి పెట్టడం అయ్యాక వెళ్ళాను. పెద్ద గంగాళం పక్కన పీట వేసుకుని ఆకుకూర తుంచుతున్నారు. నేనూ కూర్చుని కాసేపు తుంచాను. తరువాత అంతా చెప్పాను. చీమ దగ్గర మొదలుపెట్టి చెప్పాను. ఎందుకో దాన్ని వదలలేకపోయాను.

ఆవిడకి చదువు రాదు. పరీక్ష చూపుకి ఆవిడని పిలవలేదు. ముఖమిచ్చినవాళ్ళలో చాలామందిని పిలవరు. తెర మీద ఆవిడ ఏం చేసిందో చెప్పమన్నారు. చేతులు, వీపు, గిన్నె చప్పుడు, చాప మీద పడుకోవడం, అన్నీ వరసగా చెప్పాను.

"అయితే ఆ పాలల్లో విషం ఎక్కడ కలిసినాదంట? గ్లాసులోనా, గిన్నెలోనా?"

గిన్నెలోనే అని చెప్పాను. తొంభయ్యో పేజీలో డిటెక్టివ్, గిన్నెలోంచి గ్లాసులోకి పాలు వడకట్టిన గుడ్డని పరీక్ష చేయించి తేలుస్తాడు. కాచిన గిన్నెలోనే విషం ఉంది. అందుకే వంటావిడ మీద అనుమానం ఇంకా గట్టిపడుతుంది.

ఆవిడ ఆకుకూర తుంచడం ఆపారు.

"మరి అడుగు పాలు ఎవురు తాగినారు?"

నాకు అర్థం కాలేదు.

"ఏటే గుంటా, పుస్తకాలన్నీ సదివి ఏటి నేర్సుకున్నావు. పాలు కాసినోళ్ళు అడుగున మిగిలింది తాగకుండా గిన్నె కడుగుతారేటి? ముప్పయ్యేళ్ళుగా నాను తాగేది అదే. వంటసేసినోళ్ళ వంతు అది. ఏ వంటింట్లోనైనా అంతే."

ముప్ఫై ఏడో పేజీ నేను కనీసం ఆరుసార్లు చదివాను. అందులో ఒక చిన్న వాక్యం ఉందని తెలుసు. అది ఏమిటో మాత్రం అప్పుడు నోటికి రాలేదు. లేచాను. ఆవిడ నా చేతిలో ఉన్న ఆకుకూర కట్ట తీసుకున్నారు.

"ఎల్లు. నడిసే ఎల్లు, మెట్లు తడిగున్నాయి."

తన గంజిశాల పోతోందనీ, తొమ్మిదికి పంపుతున్నారనీ ఆవిడకి అప్పటికే తెలుసు. నన్ను ఒక్క మాట అనలేదు. అనదలిస్తే ఇంకో మాట కూడా ఉంది. అదీ అనలేదు.

పేజీలు తొట్టె గదిలో కట్టగా ఉన్నాయి. రేపు నానవేస్తారు. కట్ట విప్పి ముప్ఫై ఏడు తీశాను. కింద నుంచి నాలుగో వరస:

"గ్లాసు నింపి మూత పెట్టాక, ఎప్పటిలాగే అడుగున మిగిలిన పాలు తను తాగి, గిన్నె తోమి బోర్లించింది."

నలభై నాలుగో పేజీ:

"తెల్లవారి బంగళా అంతా గొల్లుమంటున్నా వంటావిడ మధ్యాహ్నం దాకా చాప మీద నుంచి లేవలేకపోయింది."

లేవలేకపోయింది అనే ఉంది. లేవలేదు అని కాదు. నేను తెర మీద చూసింది దొంగనిద్ర. పుస్తకంలో ఆమె కూడా విషం తాగిన మనిషి. అడుగున కొంచెమే మిగిలింది కాబట్టి బతికింది. విషం కలిపినామె ఆ గిన్నె అడుగు తాగదు. వరాహమూర్తి పోయిన పదహారు పేజీల్లో ఇదే చెప్పి ఉండవచ్చు. చెప్పకపోయి ఉండవచ్చు. ఉన్న పేజీల్లో మాత్రం ఇంత ఉంది.

పదకొండు, ముప్ఫై ఏడు, నలభై నాలుగు, తొంభై తీసుకుని, తీసుకున్నట్టు తొట్టె పుస్తకంలో రాసి సంతకం పెట్టాను.

జులై 4

వాన. చెప్పాల్సింది రాసుకున్నాను. ఒక పేజీ వచ్చింది. సగం కొట్టేశాను. గదిలో గట్టిగా చదివితే బాగానే ఉంది. పక్కగది అమ్మాయి తలుపు కొట్టి ఒంట్లో బాగుందా అని అడిగింది.

తొంభై ఎనిమిది కప్పులు.

జులై 6

నిన్నటిది ఇవాళ రాస్తున్నాను.

సాయంత్రానికి వాన ఆగింది. పడవలు కట్టే మెట్ల మీద కూడా జనం కూర్చున్నారు. ఆరువందలమంది ఉంటారని మాస్టారి అంచనా. లూర్దమ్మ గారు ఉతికిన చీర కట్టుకుని వచ్చి మూడో వరసలో కూర్చున్నారు. ఆవిడకి రెండు పక్కలా చాపలు ఖాళీగా ఉండిపోయాయి. వెనక నిలబడినవాళ్ళు కూడా ముందుకొచ్చి కూర్చోలేదు.

నేను తెర చూడలేదు. జనాన్ని చూశాను. వంటావిడ చేతులు వచ్చినప్పుడు పిల్లలు తల్లుల ఒళ్ళోకి జరిగారు. లూర్దమ్మ గారు తెర మీద చేతులు చూసి, తన చేతులు తిప్పి చూసుకున్నారు. గిన్నె చప్పుడు వచ్చినప్పుడు మూడో వరస కేసి చాలా తలలు తిరిగాయి. ఆవిడ తెర మీదే చూపు నిలిపారు.

వరాహమూర్తి అందరినీ కూర్చోమన్నాడు. తెర తెల్లబడింది. మాస్టారు దీపం వెలిగించి, పుస్తకం చదివినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని పద్ధతి ప్రకారం మూడుసార్లు అడిగారు. మూడోసారి అడిగాక కూడా నేను లేవలేదు. ఆయన నా కేసి చూడలేదు. వత్తి తగ్గించడానికి చెయ్యి చాచారు. ఆ చెయ్యి చాలా నెమ్మదిగా వెళ్ళింది.

లేచాను. దీపం పక్కకి వెళ్ళాను. రాసుకున్న కాగితం చాప మీదే మరిచిపోయాను. చేతిలో నాలుగు పేజీలు మాత్రం ఉన్నాయి.

"నేను జసింతని. ఈ పుస్తకం తుడిచింది నేను," అన్నాను.

వెనకనుంచి వినపడటం లేదన్నారు. మళ్ళీ చెప్పాను. పదకొండో పేజీ ఎత్తి చూపించాను. దాని మీద పెన్సిలుతో ఏం రాసి ఉందో చదివాను. అది రచయిత రాసింది కాదు, పుస్తకం అద్దెకి తెచ్చుకున్నవాళ్ళు ఎవరో రాసింది, తుడవడం నా పని, తుడవలేదు, మగ్గం దాన్ని నమ్మింది, మీరు తెర మీద చూసింది మగ్గం నమ్మకం, పుస్తకం కాదు అని చెప్పాను. తరువాత తొంభయ్యో పేజీలో వడగుడ్డ సంగతి, ముప్ఫై ఏడులో వాక్యం, నలభై నాలుగులో వాక్యం చదివాను. రెండుసార్లు ఆగి, వరస వెతుక్కుని మళ్ళీ చదివాను. ఆగిన చోట ఎవరూ నవ్వలేదు.

"అడుగు పాలు వండినవాళ్ళు తాగుతారని నాకు తెలీదు. లూర్దమ్మ గారు చెప్పారు. తెలిసి ఉంటే పరీక్ష చూపు రోజే పట్టుకునేదాన్ని."

నీళ్ళలో పడవలు ఒకదానికొకటి తగులుతున్న చప్పుడు వినిపించింది. అప్పుడు పడవల వైపు నుంచి ఒకాయన లేచాడు.

"మరి ఎవరు చంపినట్టమ్మా?"

తెలీదన్నాను. పదహారు పేజీలు లేవన్నాను.

"కాంపౌండరే. వాడి వాలకం చూస్తే తెలియట్లేదా," అని ఇంకెవరో అన్నారు. కాంపౌండరుకి ముఖమిచ్చిన పడవ సరంగు అక్కడే ఉన్నాడు. "బాబ్బాబు, నా పడవ ఎక్కేవాళ్ళు ఉన్నారు, నన్ననకండి," అన్నాడు. జనం నవ్వారు.

"అలా అంటే అదీ పెన్సిలు రాతే," అన్నాను. అంత గట్టిగా వస్తుందని నేను అనుకోలేదు. నవ్వు ఆగిపోయింది.

సుభద్ర గారు ముందు వరసలోంచి లేచి వచ్చారు. చెయ్యి చాచి, ఆ కాగితం ఇటివ్వమన్నారు. ముప్ఫై ఏడో పేజీ ఇచ్చాను. దీపం దగ్గరికి వంచి తనలో తను చదువుకున్నారు. తరువాత జనం వైపు తిరిగి, పడవల మీద ఉన్నవాళ్ళకి కూడా వినిపించేలా ఆ వాక్యం చదివారు. కాగితం నాకు ఇచ్చి, వెళ్ళేటప్పుడు మూడో వరసలో లూర్దమ్మ గారి పక్కనున్న ఖాళీ చాప మీద కూర్చున్నారు.

ఇవాళ సాయంత్రం అరవై కప్పులు తిరిగొచ్చాయి.

జులై 8

నిన్న ముప్ఫై ఒకటి. ఇవాళ పదకొండు. తులసి మొక్కకి పోసిన పాప ఇవాళ వరసలో నిలబడింది. కప్పు తీసుకుని, తాగే ముందు లూర్దమ్మ గారిని అడిగింది, అడుగు పాలు మీరు తాగారా అని. తాగలేదు, ఇంకా మిగలనే లేదు, నువ్వు జరిగితే మిగతావాళ్ళకి పోస్తాను అన్నారు ఆవిడ. పాప తాగింది.

గంజిశాల మార్పిడి ఈ నెలాఖరు దాకా వాయిదా వేశారు. రద్దు చేయలేదు. ఇద్దరు బాలింతలు ఇంకా రావడం లేదు. మూడు మెరకల నుంచి వచ్చినవాళ్ళు ఏం అనుకుని వెళ్ళారో మాకు తెలియదు.

ఆఖర్న కలపాల్సినదాని గురించి మాస్టారితో మాట్లాడాను. నేను పోయిన పేజీలు చదివి మిగతా కథ చెప్పినదాన్ని కాదు కాబట్టి, నేను మాట్లాడింది నియమం ప్రకారం నేతలోకి రాదేమో అన్నాను. ఆయన గోడ మీద రెండో వాక్యం చూపించారు. ముప్ఫై ఏడో పేజీ పుస్తకంలో ఉంది, తెర మీద లేదు, ఉండాలి అన్నారు. నా తప్పు కూడా అందులోనే ఉంటుంది, అభ్యంతరమా అని అడిగారు. లేదన్నాను. కింద ఇద్దరం సంతకాలు పెట్టాం.

మధ్యాహ్నం నాలుగు పేజీలూ తొట్టె గదికి తిరిగి ఇచ్చాను. ముందు రొట్టె ముద్దతో పదకొండో పేజీ తుడిచాను. ఒక్క నిమిషం పట్టింది. కాగితం చిరగలేదు.

సాయంత్రం లూర్దమ్మ గారు గిన్నె అడుగున మిగిలిన పాలు రెండు కప్పుల్లో పోసి ఒకటి నాకిచ్చారు. కొంచెం మాడు వాసన, బాగా చిక్కన.

"ఎంత ఒణికిపోనావో అక్కడ," అన్నారు. "నానైతే పడిపోతావనుకున్నాను."

ఇవాళ వచ్చిన కాస్త ఎండ ఒక్క అతుకుకి సరిపోయింది. ఆ అతుకు వేసిన నేత చూసి వచ్చాను. తెల్లతెర తరువాత నేను వస్తాను. నాలుగు నిమిషాలు. కాగితం వణుకుతోంది. ఇక ఏ మెరకలో ఈ నేత ఆడించినా ఆఖర్న ఉండేది నా ముఖమే.

మే 28న వంటావిడ అని రాసి ఉన్న చీటీ తీసింది నేను. నా భయం చూసి లూర్దమ్మ గారు తన ఖాళీ చీటీ నా చేతిలో పెట్టి, నాది తీసుకున్నారు.